మా రోజుల్లో కుక్క తోక జోలికి ఎవరూ పోలేదు

ఈ కాలంలో కుక్కపిల్లను కొనేవాళ్ళు మొదట చూసేది దాని వెనక భాగాన్ని. తోక మొండిగా ఉంటే అది ఒరిజినల్ అట. నిండు తోక ఉంటే ఏదో కల్తీ జరిగిందని అనుమానం, వెంటనే ధర తగ్గించమని బేరం. అనంతపురంలో ఇదే మాట, హిందూపురంలో ఇదే మాట, ధర్మవరంలోనూ ఇదే మాట. పుట్టుకతో వచ్చిన అవయవాన్ని నిలబెట్టుకున్న జంతువు కల్తీదీ, కత్తెర పడిన జంతువు అసలుదీ ఎట్లయిందో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నేను పశువుల ఆసుపత్రుల్లో కాంపౌండరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగమంతా ఈ కరువు నేల మీదే గడిచింది. గొర్రెలకు మందు తాపినాను, కాడి ఒరిపిడికి పుండ్లు పడిన ఎద్దుల మెడలు కడిగినాను, తోడేలు చీల్చిన మేకలకు కుట్లు వేసే డాక్టరుకు దీపం పట్టినాను. రక్తం చూసి జంకే మనిషిని కాను. కారణం లేకుండా ఒక జీవి ఒంటి మీద కత్తి పెడితే మాత్రం ఓర్చుకోలేను.

మా రోజుల్లో కుక్కపిల్లను ఎంచుకునే పద్ధతే వేరు. కళ్యాణదుర్గం, కంబదూరు, రాయదుర్గం పక్క గొర్రెల కాపరులు పిల్లను తెచ్చుకోవాలంటే ముందు తల్లి సంగతి విచారించేవాళ్ళు. అది ఏ మందలో పెరిగింది? రాత్రిళ్ళు మేలుకుంటుందా? ఈనిన గొర్రె దగ్గర మావి తిని ఊరుకుంటుందా, లేక పిల్ల మీదికీ నోరు చాపుతుందా? తల్లి గుణం తెలిసిన తర్వాతే పిల్లల దగ్గరికి పోయేవాళ్ళు. ఒక్కోదాన్నీ మెడ మీది తోలు పట్టి పైకి లేపేవాళ్ళు. కుయ్యోమొర్రో అని అరిచేదాన్ని కింద పెట్టేసి, కాళ్ళు ముడుచుకుని ఊరకుండేదాన్ని చంకన పెట్టుకునేవాళ్ళు. అంగిలి నల్లగా ఉందా అని నోరు తెరిచి చూసేవాళ్ళు. తోకనూ చూసేవాళ్ళు, మొదలు నుంచి కొసదాకా రెండు వేళ్ళతో నిమిరి. ఎక్కడా విరుపు, గడ్డ లేకుంటే వెన్ను గట్టిదని లెక్క. అంతవరకే. దాన్ని కోసేయాలన్న ఆలోచన ఏ కాపరి బుర్రలోకీ వచ్చిన పాపాన పోలేదు.

ఎందుకు రాలేదో చెప్తాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే జిల్లా మా అనంతపురం. ఆ పడేది కూడా పైరుకు అదను చూసుకుని పడదు. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది గొర్రెలే. ఆ గొర్రెలను నిలబెట్టేది కుక్క. పంట కోసిన చేలల్లో ఎరువు కోసం రైతులు మందలు పెట్టించుకునేవాళ్ళు. ఊరికి దూరంగా, గోడా కప్పూ లేని బయలులో వందల గొర్రెలు పడుకునేవి. కాపరి కంబడి కప్పుకుని ఒక మూల, కుక్కలు నాలుగు దిక్కులా. తోడేళ్ళు ఇప్పటికీ ఉన్నాయి ఈ గుట్టల్లో, చిరుతలూ ఉన్నాయి. వచ్చే మృగం ముందు కుక్క గొంతు పట్టుకుంటుంది కాబట్టి కొందరు మెడకు ఇనుప ముళ్ళ పట్టీ కట్టేవాళ్ళు. కుక్కకు ఏదన్నా చేస్తే ఇట్లా దానికి తోడు చేసేవాళ్ళు, ఉన్నదాన్ని తీసేసేవాళ్ళు కాదు.

ఆ చీకట్లో కాపరికి కబురు చెప్పేది కుక్క తోక. ఒక ముసలి కాపరి పక్కన మంద దగ్గర పడుకున్న రాత్రుల్లో నేను కళ్ళారా చూసినాను. వెన్నెల్లో కుక్క లేచి నిలబడుతుంది. తోక వీపు మీదికి ఎత్తి కొస మాత్రం మెల్లగా కదిలిస్తుంటే, పక్క మంద కుక్కో, దారిన పోయే మనిషో. పెద్దాయన లేచేవాడు కాదు. తోక వెన్నుకు సమంగా చాచి కట్టెలాగా బిగిస్తే, "తోడేలురా" అని చేతికర్ర అందుకునేవాడు. తోక కాళ్ళ సందులోకి పోయి గొంతులో గురగుర మాత్రమే వినిపిస్తే, కర్ర సంగతి వదిలేసి మంట ఎగదోసేవాడు. అది చిరుత. ఇదంతా కుక్క మొరగకముందే జరిగిపోయేది. తోక లేని కుక్కయితే ఆ పెద్దాయన దేన్ని చూసి చేతికర్ర అందుకోవాలి?

కాపరి చెప్పిందాన్ని చదువుకున్నవాళ్ళు తర్వాత పరీక్ష చేసి చూసినారు. ఇటలీలో బారి విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో తేల్చిన సంగతి ఇది: యజమానిని చూసినప్పుడు కుక్క తోక కుడివైపుకు ఎక్కువగా ఊగుతుంది, తనకంటే బలమైన కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు మొగ్గుతుంది. కెనడాలో ఇద్దరు పరిశోధకులు 2008లో ఇంకో పని చేసినారు. మరబొమ్మ కుక్కకు ఒకసారి పొడుగు తోక, ఒకసారి మొండి తోక పెట్టి బయటి కుక్కల మధ్య వదిలినారు. పొడుగు తోక ఊగుతుంటే పెద్ద కుక్కలు ధైర్యంగా దగ్గరికి వచ్చినాయి, ఊగకుండా నిలబడితే జంకినాయి. మొండి తోక విషయంలో ఊగినా ఊగకపోయినా వాటికి తేడా తెలియలేదు. అంటే తోక కోసిన కుక్క తన తోటి కుక్కల నడుమ సగం మూగది. వీధిలో రెండు కుక్కలు కలిసినప్పుడు కొట్లాటగా మారేదీ మారనిదీ చాలాసార్లు ఆ కొద్ది క్షణాల తోక మాటల మీదే ఆధారపడి ఉంటుంది.

పరుగులోనూ అంతే. వేటకుక్కలు కుందేలు వెంట పోయే కాలం నాకు తెలుసు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చి వేటను నేరం చేసింది, మంచి పనే చేసింది. కానీ ఆ పరుగు చూసినవాడు మరిచిపోలేడు. కుందేలు ఉన్నపళంగా మలుపు తిరిగితే, వెనక వచ్చే కుక్క తోకను ఒక పక్కకు విసిరి ఒంటిని తిప్పుకునేది. నాగలికి మేడి ఎట్లాగో పరుగెత్తే కుక్కకు తోక అట్లాగ. పుష్యమాసం చలిలో మందకుక్క గుండ్రంగా చుట్టుకుని పడుకుని, ముక్కు మీదికి తోక కప్పుకునేది. ఇన్ని పనులు చేసే అవయవాన్ని అందం కోసం తీసేయడమేంది?

మా రోజుల్లో జంతువు ఒంటి మీద కోతలే లేవని అబద్ధం చెప్పను. కోడెకు విత్తులు తీయించేవాళ్ళు, ముక్కుకు తాడు పొడిచేవాళ్ళు, ఎవరి గొర్రె ఎవరిదో తెలియడానికి చెవికి గాటు పెట్టేవాళ్ళు. కొందరు మందకుక్కల చెవులూ కోసేవాళ్ళు, తోడేలు చెవి పట్టుకుంటే కుక్క ఓడిపోతుందని. చెవులు కోయడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ అడిగితే ఆ మనిషి దగ్గర ఒక జవాబు ఉండేది. ఆ జవాబు నిజమో కాదో ఆ మంద దగ్గరే నిలబడి వాదించవచ్చు. కోసినవాడే ఆ కుక్కతో పాటు రాత్రంతా మేలుకుని, దాని మంచిచెడ్డలు మోసేవాడు. ఇప్పుడు కోసేవాడు ఒకడు, అమ్మేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు. ఎందుకని అడిగితే ముగ్గురూ కలిసి ఎక్కడో ఉన్న కాగితాన్ని చూపిస్తారు.

తోక మొండిగా ఉన్న కుక్కను మా పల్లెలు మొదట చూసింది పోలీసుల దగ్గర. పెద్ద దొంగతనమో హత్యో జరిగితే జిల్లా కేంద్రం నుంచి జీపులో జాగిలం దిగేది. నల్లటి ఒళ్ళు, నిగారింపు, మొండి తోక. డోబర్‌మన్. అది వాసన చూసుకుంటూ పోతుంటే ఊరంతా వెనక నడిచేది. "దాని తోక ఏమైంది నాయనా?" అని పిల్లలు అడిగితే, "సీమకుక్కలకు పుట్టుకతోనే ఉండదు లేరా" అని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. చాలామంది ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. డోబర్‌మన్ పిల్ల పొడుగాటి తోకతోనే పుడుతుంది. రాట్‌వీలర్ అంతే, బాక్సర్ అంతే, కాకర్ స్పానియల్ అంతే. మనం చూసే మొండి తోక మనిషి చేసిన పని.

ఆ పని ఎక్కడ మొదలైందో కొంచెం వెనక్కి పోయి చూద్దాం. రోము కాలంలో, ఒకటో శతాబ్దంలో, కొలుమెల్లా అనే ఆయన సేద్యం మీద పెద్ద గ్రంథం రాసినాడు. కుక్కపిల్లకు నలభై రోజులు నిండినాక తోక కొసను తుంచేసి నరాన్ని లాగేస్తే పిచ్చి పట్టదని గొర్రెల కాపరులు అంటారని అందులో ఉంది. పిచ్చికుక్క కాటుకు మందే లేని రోజుల్లో భయంతో పుట్టిన నమ్మకం అది. 1885లో పాశ్చర్ టీకా వేసి చూపించినాక ఆ నమ్మకానికి పని లేకుండా పోయింది. కానీ కోత మాత్రం పోలేదు, కారణాలు మార్చుకుంటూ బతికింది. జర్మనీలో అపోల్డా అనే ఊళ్ళో పన్నులు వసూలు చేసే కార్ల్ ఫ్రీడ్రిష్ లూయీ డోబర్‌మన్ తన పనికి తోడుగా ఉండే కాపలా కుక్కను తయారు చేసుకున్నాడు. ఆయన పేరే జాతి పేరయింది. ఎదుటివాడి చేతికి పట్టు దొరకకూడదని కాపలా కుక్కల తోకా చెవులూ కోసేవాళ్ళంటారు. పొదల్లో తిరిగే వేటకుక్కలకు తోక గాయపడుతుందని ఇంకొకరు అన్నారు.

తర్వాత కుక్కల క్లబ్బులు వచ్చినాయి. ఏ జాతి కుక్క ఎంత ఎత్తు ఉండాలి, కన్ను ఏ రంగు, పన్ను ఎట్లా, తోక ఎక్కడ అని కాగితం రాసుకున్నాయి. బ్రీడ్ స్టాండర్డ్ అంటే అదే. పోటీలో జడ్జి ఆ కాగితాన్ని మనసులో పెట్టుకుని మార్కులు వేస్తాడు. అప్పటి అలవాటు ప్రకారం కోసిన తోకే ఆ కాగితంలోకి ఎక్కింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ స్టాండర్డ్ డోబర్‌మన్ తోకను దాదాపు రెండో కణుపు దగ్గర కత్తిరించాలంటుంది. రాట్‌వీలర్‌కు ఒకటి రెండు ఎముకలు మిగిల్చి పొట్టిగా కోయాలంటుంది. పని కోసం ఒకప్పుడు చేసినదాన్ని, ఆ పని పోయినాక రూపం కోసం నియమం చేసినారు. పన్నులు వసూలు చేసేవాడి వెంట నడిచే కుక్క ఇప్పుడు అపార్ట్‌మెంటు బాల్కనీలో పడుకుంటున్నా దాని తోక మాత్రం ఆనాటి దొంగ చేతికి దొరక్కూడదు!

ఇక నా కోపమంతా ఎక్కడుందో చెప్తాను. ఆ కాగితం యూరప్‌లో మారిపోయి చాలా ఏళ్ళయింది. నార్వే 1987లోనే తోక కోతను నిషేధించింది. అదే ఏడు యూరప్ దేశాలు పెంపుడు జంతువుల రక్షణకు చేసుకున్న ఒప్పందంలో, తోక కోయడం, చెవులు కోయడం, గొంతు మూగబోయేలా చేయడం, గోళ్ళు పీకించడం కూడదని రాసుకున్నాయి. డోబర్‌మన్ పుట్టిన జర్మనీ 1998లో వేటకుక్కలను మినహాయించి తోక కోతను ఆపేసింది. ఇంగ్లండు 2006లో చట్టం చేసి 2007 నుంచి అమలు చేసింది, పనిచేసే కొన్ని రకాల కుక్కలకు మాత్రం వెసులుబాటు ఇచ్చి. ప్రపంచ కుక్కల సంఘాల సమాఖ్య ఎఫ్.సీ.ఐ. 2015లో డోబర్‌మన్ స్టాండర్డ్‌ను సవరించి, తోక సహజంగా ఉండాలని రాసింది. మన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఆ సమాఖ్యతో కలిసి నడిచేదే. అమెరికాలో క్లబ్బు పాత మాటనే పట్టుకుని ఉంది కానీ అక్కడి పశువైద్యుల సంఘం, కేవలం అందం కోసం చేసే తోక కోతకూ చెవి కోతకూ తాము వ్యతిరేకమని 2008లోనే చెప్పింది. పుట్టినింటివాళ్ళు వదిలేసినదాన్ని అనంతపురంలో మనం పట్టుకుని వేలాడుతున్నాం. స్టాండర్డ్ ప్రకారం కోస్తున్నామని చెప్పేవాళ్ళు ఆ స్టాండర్డ్ చదవనే లేదు.

మన దేశంలో చట్టం లేదా అంటే, ఉంది. 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ జంతువును అంగవైకల్యం చేయడాన్ని నేరమంటుంది. అదే సెక్షన్‌లో కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. పశువుల కొమ్ములు తీయడం, విత్తులు తీయడం, వాతలు వేయడం, ముక్కుతాడు పొడవడం. వీటిని నిర్ణయించిన పద్ధతిలో చేయవచ్చు. ఆ చట్టం రాసినవాళ్ళకు పల్లె తెలుసు, సేద్యం తెలుసు, కాబట్టి బతుకుదెరువుకు అవసరమైన కోతలను లెక్కబెట్టి పక్కన పెట్టినారు. ఆ జాబితాలో కుక్క తోక లేదు. 2011లో వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, వైద్య అవసరం లేకుండా కుక్కల తోకలూ చెవులూ కోయవద్దని పశువైద్యులకు చెప్పింది. కెన్నెల్ క్లబ్ మద్రాసు హైకోర్టుకు పోయింది, 2013లో కోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. పక్కన పెట్టినంత మాత్రాన తోక కోసి తీరాలని ఎవరికీ చెప్పినట్టు కాదు. ఆచరణలో మాత్రం కోయడమా మానడమా అన్నది పెంచేవాడి చేతిలో, డాక్టరు చేతిలో ఉండిపోయింది.

ఆ చేతులు ఏం చేస్తున్నాయో దగ్గర నుంచి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. పిల్లలు పుట్టి మూడు నుంచి ఐదు రోజులు. ఇంకా కళ్ళు తెరవవు, చెవులు విచ్చుకోవు. తల్లిని ఇంకో గదిలో పెట్టి తలుపు వేస్తారు. ఒకరు పిల్లను అరచేతిలో బోర్లా పట్టుకుంటారు. ఇంకొకరు తోక మొదట్లో కణుపులు వేలితో లెక్కబెట్టి, దారం బిగించి, కత్తెర వేస్తారు. మత్తుమందు ఉండదు. కొంతమంది కత్తెర కూడా వాడరు, రబ్బరు బ్యాండు బిగించి వదిలేస్తారు. రక్తం అందక తోక నల్లబడి, ఎండి, కొన్ని రోజులకు రాలిపోతుంది. రాలే లోపల చీము పడితే ఆసుపత్రికి తెస్తారు. చిటికెన వేలంత తోక మొదట్లో పచ్చిపుండు, తల్లి నాకీ నాకీ ఇంకా పెద్దదయింది, పిల్ల పాలు తాగడం మానేసింది. అట్లాంటివాటిని కడిగి కట్టు కట్టేటప్పుడు పిల్ల ఒళ్ళంతా వణికేది.

"అంత చిన్నప్పుడు నొప్పి తెలియదు సార్, నరాలు ఎదగవు" అని తెచ్చినవాళ్ళు నాకు పాఠం చెప్పేవాళ్ళు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు డోబర్‌మన్, రాట్‌వీలర్, బూవియే పిల్లలు 50 తీసుకుని, తోక కోసేటప్పుడు వాటి తీరు గమనించి 1996లో ప్రకటించినారు. కోత పడిన క్షణంలో ప్రతి పిల్లా గట్టిగా అరిచింది. నొప్పి తెలియనిది ఎందుకు అరుస్తుంది? అరుపు కాసేపట్లో ఆగిపోతుంది కాబట్టి నొప్పి లేదనుకోవడం, మన పిల్లలు ఏడుపు ఆపినంత మాత్రాన సూది గుచ్చుకోలేదనుకోవడమే. కొన్నిటికి కోసిన చోట నరాల కొసలు గడ్డకట్టి పెద్దయినాక కూడా ఆ మొండి ముట్టుకోనివ్వవు.

ఇంకో వాదన, పనిచేసే కుక్క తోక గాయపడుతుందని. ఇది వినవలసిన వాదనే, అందుకే స్కాట్లండు 2017లో స్పానియల్ లాంటి వేటకుక్కలకు కొంత సడలింపు ఇచ్చింది. కానీ లెక్కలు కూడా చూడాలి. బ్రిటన్‌లో 1,38,212 కుక్కలను పరిశీలిస్తే తోక గాయాలు 281 కనిపించినాయి. ఒక్క గాయాన్ని తప్పించాలంటే దాదాపు 500 కుక్కల తోకలు కోయాలని 2010లో వచ్చిన ఆ అధ్యయనం లెక్క తేల్చింది. మా పక్క సర్కారు తుమ్మ ముళ్ళలో పొద్దస్తమానం తిరిగే మందకుక్కకు తోకకు ముల్లు దిగితే కాపరి పీకి వేపనూనె రాసేవాడు, మానిపోయేది. తుమ్మచెట్టు ఎరగని, టైల్స్ మీద పడుకునే కుక్కకు ముందుజాగ్రత్తగా తోక కోయడం ఏ లెక్కన న్యాయం?

ఈమధ్య కుక్కపిల్లలు అమ్ముకునే పిల్లవాడొకడు, మా బంధువుల అబ్బాయే, మా ఇంటికి వచ్చినాడు. మంచివాడే, కుక్కలంటే ప్రేమ ఉన్నవాడే. నిలదీసినాను.

"ఎందుకురా కోస్తావు?"

"తోకుంటే కొనేటోడు ల్యాడు తాతా. ఫొటో పంపితే మొదట అదే అడుగుతారు."

"కొనేవాడికి ఎవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పేదేముంది తాతా, ఫోన్లో అన్నీ అట్లే కదా ఉండేది."

వాడి ఫోనులోనే జర్మనీ పోటీల్లో నిలబడిన డోబర్‌మన్ ఫొటో తీయించి చూపించినాను. నిండు తోక, వెన్ను నుంచి కొద్దిగా వంపు తిరిగి పైకి లేచి ఉంది. వాడు ఫోను దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసినాడు. "ఇది డోబర్‌మన్నేనా తాతా?" అన్నాడు. కుక్కలనే వ్యాపారం చేసుకున్న పిల్లవాడు, తాను అమ్మే జాతి అసలు రూపం అంతవరకూ చూడలేదు. తప్పు వాడిదొక్కడిదే అనను. కొనేవాడు అడగలేదు, అమ్మేవాడు చెప్పలేదు, కోసేవాడు ఆగలేదు. మా రోజుల్లో ఎద్దును కొనేవాడు సంతకు పోతే పళ్ళు చూసి, సుళ్ళు చూసి, నడిపించి, కాడి కట్టి లాగించి చూసేవాడు. తెలియకపోతే తెలిసిన పెద్దమనిషిని వెంట తీసుకుపోయేవాడు. ఇప్పుడు వేలకు వేలు పోసి ఒక ప్రాణిని ఫొటో చూసి కొంటున్నారు. తోక కోతకు డబ్బులు పెట్టినవాళ్ళే పిచ్చికుక్క టీకా వేయించమంటే రేపు మాపు అంటారు. కోయవలసిన పని లేదు, వేయించవలసిన టీకా ఉంది. అదీ తెలియనంత దూరం వచ్చేసినాం.

మన నేల మీద పుట్టిన కుక్కల సంగతి చూడండి. పక్కనున్న కర్ణాటకలో, బాగలకోటె జిల్లా ముధోళ్‌లో సన్నటి నడుముతో, పొడుగు తోకతో పరుగెత్తే ముధోళ్ కుక్క ఉంది. తమిళనాడులో రాజపాళయం ఉంది. విజయనగర కాలంలో అక్కడికి పోయి స్థిరపడిన తెలుగు రాజులు ఇప్పటికీ తెలుగు మాట్లాడుకునే ఊరది. వాళ్ళు పెంచి నిలబెట్టిన తెల్ల కుక్కకు ఊరి పేరే వచ్చింది. ఈ రెండింటి బొమ్మలతో 2005 జనవరి 9న తపాలా శాఖ బిళ్ళలు తెచ్చింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో మన దేశపు కుక్క జాతులను మొదటిసారి నమోదు చేసినప్పుడు రాజపాళయం, చిప్పిపారై, ముధోళ్ మూడూ అందులో ఎక్కినాయి. ఇక మన కొల్లేరు పక్క జోనంగి ఉంది, ఒంటి మీద వెంట్రుక ఉందా లేదా అన్నంత పొట్టి బొచ్చు, గుంత తవ్వుకుని అందులో పడుకునే అలవాటు. వీటిలో దేనికీ తోక కోయాలన్న నియమం లేదు. ఎందుకంటే ఇవి పోటీ మైదానంలో కాదు, నేల మీద పని చేస్తూ తయారైనాయి. పని తోకను అడిగింది, తోక ఉండిపోయింది. అంతటి జోనంగిని మన తెలుగు పిల్లలు ఎంతమంది చూసినారు? అది తరిగిపోతుంటే, మనం బూవియే, బాక్సర్ అని పేర్లు పలకడం నేర్చుకుంటున్నాం.

మా అనంతపురం మందకుక్కకు ఆ మాత్రం పేరు కూడా లేదు. ఏ క్లబ్బూ దానికి కాగితం రాయలేదు. దానికి స్టాండర్డ్ రాయమంటే నేను రాస్తాను. రాత్రి మేలుకోవాలి, పగలు కాపరి నీడలో కునుకు తీయాలి. ఈనిన గొర్రె దగ్గర కాపలా ఉండాలి, పిల్లను నాకాలి గాని కొరకరాదు. సంగటి ముద్ద, మజ్జిగతో బతకాలి. వైశాఖం ఎండకు ఓర్చుకోవాలి. తోడేలును చూసి వెనక్కి తగ్గరాదు, ఊరి పిల్లలను చూసి ముందుకు ఉరకరాదు. రంగు ఏదైనా సరే. చెవులు పుట్టినట్టే ఉండాలి, తోక పుట్టినట్టే ఉండాలి. ఇంతకంటే మంచి స్టాండర్డ్ ఏ దేశంలో ఎవరు రాసినారో నాకు చూపించండి.

కత్తి పట్టినవాళ్ళందరినీ నేను ఒకే గాట కట్టను. వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు, మళ్ళీ పట్టుకోకుండా గుర్తు కోసం చెవి కొసను కొంచెం కత్తిరిస్తారు. అది మత్తులో ఉన్నప్పుడే చేస్తారు, దానికి కారణముంది, దాని వల్ల ఆ కుక్కకే మేలు. గడ్డ పుట్టిన తోకను, బండి చక్రం కింద నలిగిన తోకను డాక్టరు తీసేస్తాడు. అదీ వైద్యమే. మూడు రోజుల పిల్లకు అందం కోసం చేసేది వైద్యం కాదు.

కాబట్టి కొనేవాళ్ళకు చెప్తున్నాను. తోక కోత పిల్ల పుట్టిన మొదటి వారంలోనే జరిగిపోతుంది, మీరు దాన్ని చూడటానికి పోయేది నెల దాటినాక. అప్పుడు బాధపడి లాభం లేదు. తల్లి చూలుతో ఉన్నప్పుడే ఫోన్ చేసి చెప్పండి: నాకు నిండు తోకతోనే పిల్ల కావాలి, కోస్తే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలి. ఇట్లా పదిమంది అడిగితే మా బంధువుల అబ్బాయి లాంటివాళ్ళు మానేస్తారు, ఎందుకంటే వాళ్ళు కోసేది మన కోసమే. డాక్టర్లూ, మీరు చదివిన చదువు జబ్బును తీయడానికి, అవయవాన్ని తీయడానికి కాదు. కత్తెర పెట్టమంటే పెట్టనని చెప్పి పంపండి, రేబిస్ టీకా తేదీ రాసి పంపండి. పోటీలు పెట్టేవాళ్ళూ, నిండు తోకతో వచ్చిన కుక్కను ముందు వరుసలో నిలబెట్టండి, చూసినవాళ్ళ కళ్ళు వాటంతటవే అలవాటు పడతాయి. తోకను పుట్టినట్టే ఉండనివ్వడం చదువు రాని కాపరి తన కుక్కకు ఇచ్చిన మర్యాద. ఇంత చదువుకున్న మనం ఆ మాత్రం ఇవ్వలేమా?